టెన్త్ చదివినదానివి, నువ్వేం నేర్పుతావు అన్నారు

కోనసీమలో మాది లంక గ్రామం, చుట్టూ గోదావరి. మా ఊరి ప్రాథమిక పాఠశాలలో వారానికి మూడు రోజులు పిల్లల చేత తెలుగు చదివిస్తున్నాను. డబ్బులేమీ తీసుకోను. ఇది మొదలుపెట్టడానికే రెండు నెలలు పట్టింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

బడిలో అడగడం తేలికే. ఐదు తరగతులకి ఇద్దరే టీచర్లు, హెడ్మాస్టరమ్మ గారు సంతోషించారు. "ఎమ్మీవో (మండల విద్యాధికారి) ఆఫీసు నుంచి ఒక్క కాగితం తెచ్చుకోండమ్మా, చాలు" అన్నారు.

ఆ ఒక్క కాగితానికి నాలుగుసార్లు తిరిగాను. ప్రతిసారీ పడవ మీద ఏరు దాటాలి, ఆటో ఎక్కాలి, ఆ రోజు మిషన్ మీద కుట్టుపని పోవాలి. మొదటిసారి సార్ మీటింగులో ఉన్నారన్నారు. రెండోసారి ఆధార్ జిరాక్స్ లేదన్నారు. మూడోసారి నా అర్జీయే కనబడలేదు, మళ్ళీ రాసిమ్మన్నారు. నాలుగోసారి గుమాస్తా అర్జీ చదివి, పదిమంది టీచర్ల ముందు "ఎంత చదివావు?" అన్నాడు. టెన్త్ అని చెప్పాను. "టెన్త్ చదివినదానివి, నువ్వేం నేర్పుతావు? నిన్ను ఏ పార్టీ వాళ్ళు పంపారు?" అన్నాడు. ఇద్దరు నవ్వారు. నాకు యాభై రెండేళ్ళు. మా ఊళ్ళో నన్ను పరాయివాళ్ళెవరూ నువ్వు అనరు. నోట మాట రాక గోడ వైపు చూస్తూ నిలబడ్డాను. అక్కడ పిల్లల చదువు కోసం కేంద్రం పెట్టిన నిపుణ్ భారత్ పథకం పోస్టరు ఉంది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలట. ఆ పని చేస్తానని వచ్చినదాన్ని ఆ పోస్టరు కిందే నిలబెట్టి నవ్వారు.

పదిహేనేళ్ళు మా డ్వాక్రా సంఘం మీటింగ్ పుస్తకం రాసింది నేను. బ్యాంకు వాళ్ళు ఒక్క తప్పు పట్టలేదు. వేలిముద్ర వేసే నలుగురికి సంతకం నేర్పింది కూడా నేనే. ఇదంతా అక్కడ చెప్పాల్సింది. పడవెక్కాక గానీ గుర్తు రాలేదు.

హెడ్మాస్టరమ్మ గారు విని, తల్లిదండ్రుల కమిటీ చేత తీర్మానం రాయించారు. ఆ నకలు పంపితే వారంలో అనుమతి వచ్చింది. కాబట్టి మీరెవరైనా వెళ్ళేటట్టయితే ముందు తీర్మానం రాయించుకోండి, ఒంటరిగా వెళ్ళకండి. అర్జీ రెండు కాపీలు పట్టుకెళ్ళి, ఒకదాని మీద అందినట్టు ముద్ర వేసేదాకా బల్ల దగ్గర్నుంచి కదలకండి.

ఈలోగా వరద వచ్చింది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీరు 13.75 అడుగులు దాటి రెండో హెచ్చరిక ఇచ్చేసరికి మా బడి మూతపడింది.

చివరికి మొదలుపెట్టిన రోజు, నాలుగో తరగతి పిల్లాడొకడు పాఠం గడగడా చదివేశాడు. అదే పేజీలో మధ్య మాట మీద వేలు పెట్టి అడిగితే చెప్పలేకపోయాడు. పాఠమంతా కంఠస్థం! ఆ రోజే పాఠ్యపుస్తకం పక్కన పెట్టాను. ముందు అక్షరాలు, తర్వాత మాటలు, ఆ పైన నాలుగు వాక్యాలు, ఆఖరికి చిన్న కథ చూపించి, ఎవరు ఎక్కడ ఆగితే వాళ్ళకి అక్కడే మొదలుపెట్టాను. ఎవరు ఏ తరగతి అన్నది చూడలేదు.

ఆ నాలుగో తరగతి పిల్లాడికి గుణింతాలు వచ్చు, వత్తుల దగ్గర ఆగిపోతున్నాడు. వాళ్ళ నాన్న కొబ్బరి దింపుకి వెళ్తాడు. అందుకని ఇంటి మాటలే పలక మీద రాశాను: కొబ్బరి, గట్టు, బుట్ట, రొయ్య. మొదట "కొబరి" అన్నాడు. అలాంటి మాట లేదని వాడికే తోచింది. ఆగి, కింద వత్తు చూసి, "కొబ్బరి" అన్నాడు. నేను దిద్దలేదు. తొందరపడి అందించకుండా ఊరుకోవడమే ఇందులో కష్టం, టీచర్లకి కూడా అది చేతకావడం లేదు.

మొన్న ఆదివారం మా అరుగు మీద సంఘం పుస్తకం తెరిచి ఉంటే, వేలు పెట్టుకుని "తీర్మానం" అని చదివాడు. అంటే ఏంటండీ అని అడిగాడు. కూర్చోబెట్టి చెప్పాను.