సంతృప్తికరం అని సంతకం పెట్టేముందు

మూడు నెలలకోసారి ఏఎంసీ బిల్లు వస్తుంది, అంటే ఆఫీసు కంప్యూటర్లు, యూపీఎస్‌ల వార్షిక నిర్వహణ ఒప్పందం బిల్లు. దాంతోపాటే ‘సేవలు సంతృప్తికరం’ అన్న పత్రం కూడా సంతకానికి వస్తుంది. చందంపేటలోనో అమ్రాబాద్‌లోనో మండల ఆఫీసులో సిస్టం ఎన్ని రోజులు పనిచేయలేదో ఆ కాగితంలో ఉండదు. ఆదాయ సర్టిఫికెట్ కోసం వచ్చి ఊరికే తిరిగిపోయిన వాళ్ల బస్సు చార్జీలు అసలే ఉండవు.

ముందు సరిచేయాల్సింది అప్‌టైమ్ లెక్క, అంటే సిస్టం ఎంతసేపు పనిచేసిందన్న లెక్క. ఒప్పందంలో 99 శాతం అని చూసి గట్టి షరతే అనుకుంటాం. రోజుకు 24 గంటల చొప్పున 30 రోజులకు 720 గంటలు, అందులో ఒక శాతం 7.2 గంటలు. మన ఆఫీసు 10.30 నుంచి 5 దాకా, అంటే ఆరున్నర గంటలే. నెలలో ఒక పనిదినం మొత్తం పోయినా కాంట్రాక్టరు పాసే! పని గంటల మీదే లెక్క కడితే 25 రోజులకు 162.5 గంటలు. అప్పుడు సడలింపు గంటన్నర దాటి కొద్ది నిమిషాలే.

సగటూ అంతే. 30 ఆఫీసుల్లో ఒకటి నెలలో మూడు పనిదినాలు ఆగితే జిల్లా సగటు 99.6 శాతం, ఆ ఆఫీసుది 88. అందుకే ఏ ఆఫీసుకు ఆ ఆఫీసు విడిగా లెక్కించాలి.

ఇక టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు. యూపీఎస్ బ్యాకప్ రావట్లేదని ఫిర్యాదు పెడితే, ఇంజనీరు వచ్చి లోడు లేకుండా బ్యాటరీకి మీటర్ పెడతాడు. 12.6 వోల్టులు చూపిస్తుంది. ‘ఓకే’ రాసి మూసేస్తాడు. మర్నాడు కరెంటు పోగానే రెండు నిమిషాల్లో అన్నీ ఆరిపోతాయి. అరిగిన బ్యాటరీ కూడా లోడు లేనప్పుడు మంచి వోల్టేజీయే చూపిస్తుంది. కంప్యూటర్లు నడుస్తుండగా మెయిన్ తీసి, పావుగంట దాకా, లేదా అవి ఆరిపోయేదాకా, ఒక్కో బ్యాటరీ కొలుస్తూ ఉండాలి. మిగతావాటికన్నా ముందు 10.5 వోల్టులకు పడిపోయేదే చెడిపోయింది. ఈ బ్యాటరీల ఆయుష్షు 25 డిగ్రీల వేడికి లెక్కగట్టింది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు సగమవుతుంది. నల్లగొండ ఎండలకు ఏసీ లేని గదిలో అవి ఎన్నాళ్లుంటాయో వేరే చెప్పాలా? కాబట్టి ఏప్రిల్‌లోపే ఈ పరీక్ష చేయించి, బ్యాకప్ ఎన్ని నిమిషాలు వచ్చిందో సమీక్ష పత్రంలో రాయించాలి.

టికెట్ మూసే అధికారం ఇంజనీరుకు ఉండకూడదు, ఆపరేటర్ ఫోనుకు వచ్చే ఓటీపీతోనే మూయాలి. ఏడు రోజుల్లో అదే ఫిర్యాదు మళ్లీ వస్తే పాత టికెట్టే తెరిచి, మొదటి ఫిర్యాదు నుంచే గంటలు లెక్కించాలి. ‘యూజర్ అందుబాటులో లేరు’ అని హోల్డ్‌లో పెట్టినవన్నీ విడిగా తీసి ఆపరేటర్‌నే అడగాలి.

కాంట్రాక్టరుకూ న్యాయం జరగాలి. కరెంటు లేని, ఆఫీసుకు తాళం వేసి ఉన్న గంటలు తీసేయాలి. బిల్లు ఎప్పుడు పెట్టారో, డబ్బు ఎప్పుడు అందిందో అదే పత్రంలో ఉండాలి. బిల్లులు నెలల తరబడి ఆగితే జీతం అందని ఇంజనీరు కుర్రాడు మానేస్తాడు, దేవరకొండ చుట్టుపక్కల మండలాలన్నీ ఒక్కడి మీద పడతాయి. అప్పుడు ఎంత పెనాల్టీ వేసినా పని జరగదు.

పెనాల్టీకి చాలా ఒప్పందాల్లో బిల్లులో 10 శాతం హద్దు ఉంటుంది. అది దాటాక కాంట్రాక్టరుకు భయం ఉండదు. వరుసగా రెండు త్రైమాసికాలు హద్దు తాకితే నోటీసు ఇవ్వాలన్న షరతు టెండర్‌లోనే రాయాలి, తర్వాత చేర్చడం కుదరదు. సమీక్ష ప్రతి నెల మొదటి వారంలో పెట్టి, దూర మండలాల ఆపరేటర్లను ఇద్దరిని తప్పకుండా కూర్చోబెట్టండి.