హాల్లో నాన్నకి గది: జిప్సం గోడతో నా అనుభవం

మోకాలి ఆపరేషన్ అయ్యాక నాన్నని మా దగ్గరికి తెచ్చేసుకున్నాం. విశాఖ ఎంవీపీ కాలనీలో మాది మూడో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాట్. హాలు మాత్రం పొడుగ్గా ఉంటుంది. దానికి అడ్డంగా గోడ పెట్టి ఆయనకో గది చేద్దామనుకున్నాం. ఇటుకతో కడదామంటే మాకు తెలిసిన ఇంజనీరుగారు వద్దన్నారు. కింద దూలం లేని చోట స్లాబు మీద అంత బరువు వేయకూడదన్నారు. ప్లాస్టరింగుతో కలిపి చూస్తే ఇటుక గోడ బరువులో జిప్సం గోడ ఇంచుమించు పదోవంతే. అందుకే అదే పెట్టించాం. ఫ్రేముకి రెండువైపులా జిప్సం బోర్డులు, అంటే కాగితాల మధ్య జిప్సం నింపిన పలకలు, బిగించే గోడ అది.

బోర్డులు ఎనిమిది పట్టాయి. ఒక్కోటి ఆరడుగులకి నాలుగడుగులు, మందం 12.5 మిల్లీమీటర్లు. లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా మోయించాం. ఖరీదు కొంచెం ఎక్కువైనా ఆకుపచ్చ కాగితం ఉండే, తేమని తట్టుకునే రకమే తీసుకున్నాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బాల్కనీ తలుపు కింద నుంచి హాల్లోకి నీళ్ళొచ్చిన ఇల్లు మాది. అయితే ఆ రకమైనా గాలిలో చెమ్మని తట్టుకుంటుందే గానీ, నీళ్ళలో నిలబెడితే పాడవుతుంది.

ఫ్రేము ఒక్కరోజులో అయిపోయింది. నేలకీ పై స్లాబుకీ ఛానెళ్ళు, మధ్యలో రెండడుగులకొకటి చొప్పున స్టడ్లు, అంటే బోర్డులు బిగించే నిలువు కమ్మీలు. నాలుగడుగుల బోర్డు అంచు సరిగ్గా స్టడ్ మీద పడాలంటే ఆ లెక్క తప్పకూడదు. ఒకవైపు బోర్డులు బిగించాక రెండోవైపు మూయకుండా ఆపించాను. లోపల రాక్‌వుల్ (శబ్దాన్ని ఆపే రాతినార) పెట్టించాను, టీవీ శబ్దం నాన్న నిద్రకి అడ్డం కాకుండా. మంచం వచ్చే చోట రెండు స్టడ్ల మధ్య దళసరి ప్లైవుడ్ ముక్క బిగించమన్నాను. నాన్న పట్టుకుని లేవడానికి అక్కడ స్టీలు రాడ్ రావాలి. ఉత్త బోర్డుకి కొట్టిన స్క్రూ మనిషి బరువుని ఆపలేదు. మూసేముందు ఆ ప్లైవుడ్ దగ్గర కొలత టేపు సాగదీసి పెట్టి ఫొటో తీసుకున్నాను. నేల నుంచి 33 అంగుళాలు, తలుపు చట్రం నుంచి 41.

కుర్రాళ్ళు మొదట బోర్డుని నేలకి ఆనించి పెట్టబోయారు. రోజూ తడిగుడ్డ పెట్టే ఇల్లు మనది. ఆ నీళ్ళని జిప్సం ఒత్తులాగా పైకి పీల్చుకుంటుంది. కింద ప్లై ముక్కలు పెట్టించి అర అంగుళం ఎత్తులో బిగింపించాను. ఆ సందుని తర్వాత స్కర్టింగ్ కప్పేసింది.

అసలు కష్టం బోర్డులు కలిసే జాయింట్ల దగ్గర మొదలైంది. అది ఆగస్టు. బయట వాన, లోపల బట్టలే ఆరని రోజులు. పనివాళ్ళకి ఇంకో చోట పని ఉంది. పొద్దున జాయింట్లకి కాంపౌండ్ (సందులు నింపే ముద్ద) పూసి దాని మీద కాగితం టేపు వేశారు, మధ్యాహ్నానికి కాంపౌండ్ రెండో కోటు కూడా లాగేశారు. "ఇంకా పచ్చిగా ఉంది కదా బాబూ" అంటే, "ఏటీ కాదమ్మా, పెయింట్‌లో కవరైపోద్ది" అన్నాడు పెద్దతను. నాలుగో రోజుకి తలుపు పక్క జాయింటు పొడుగునా కాగితం టేపు బుడగలు లేచింది. గోటితో తడితే లోపల బోలుగా టకటకమంది. టేపు కింద కాంపౌండ్ చాలినంత లేక అది బోర్డుకి అంటుకోనే లేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఫోన్ చేస్తే వాళ్ళు ఎత్తలేదు.

ఇక నేనే మొదలుపెట్టాను. బుడగలు లేచిన రెండు జాయింట్ల టేపునీ కత్తితో కోసి లాగేశాను. స్క్రూలన్నీ వరుసగా చూశాను. తల కాగితంలోకి కొంచెం దిగాలి గానీ దాన్ని చింపకూడదు. చింపుకుని లోపలికి పోయిన చోట పట్టు ఉండదు కాబట్టి రెండంగుళాల పక్కన కొత్త స్క్రూ వేశాను. ఆ తర్వాత జాయింటు నిండా కాంపౌండ్ పూసి, దాని మీద టేపు పెట్టి, బ్లేడుతో పైనుంచి కిందికి ఒకే ఒత్తిడితో లాగాను. టేపు రెండు అంచుల నుంచీ సన్నగా కాంపౌండ్ బయటికి రావాలి. అలా వచ్చిందంటే కింద ఖాళీ లేనట్టే.

ఇక ఎదురుచూడటం. షాపతను ఒక రోజు చాలన్నాడు. మా ఇంట్లో ఫ్యాను ఆపకుండా తిప్పినా ప్రతి కోటుకీ రెండున్నర రోజులు పట్టింది. పచ్చిగా ఉన్నంతసేపు కాంపౌండ్ బూడిదరంగులో ఉంటుంది, ఆరేకొద్దీ అంచుల నుంచి తెల్లబడుతుంది. పైకి తెల్లగా కనిపించినా నమ్మకుండా వేళ్ళ వెనకవైపు ఆనించి చూసేదాన్ని. చల్లగా తగిలిందంటే లోపల ఇంకా తడి ఉన్నట్టే. అలా మూడు కోట్లు, ఒక్కోటి కిందటిదాని కంటే వెడల్పుగా. చివరిది అడుగు వెడల్పు దాకా వెళ్ళింది. రాత్రి లైట్లన్నీ ఆర్పి టార్చ్‌ని గోడకి ఆనించి పక్కవాటుగా వేస్తే, పగలు కనపడని ప్రతి గీతా నీడై లేచింది. అక్కడ పెన్సిలుతో సున్నా చుట్టి, పొద్దున్నే మెత్తటి ఎమరీ పేపరు పట్టేదాన్ని. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, మాస్కు లేకుండా ముట్టుకోవద్దు. నాన్నని ఆ రోజుల్లో చెల్లి వాళ్ళింట్లో ఉంచాం.

మొత్తం పన్నెండు రోజులు. ఆ తర్వాతే ప్రైమరు, రెండు కోట్ల పెయింటు. పాత గోడకీ కొత్త గోడకీ కలిసే మూలలో మాత్రం పుట్టీ పెట్టలేదు. రెండూ ఒకేలా కదలవు కాబట్టి సాగే సీలెంట్ నింపాను.

రాడ్ బిగించే రోజు ఫొటో తెరిచి, కొలత టేపు పెట్టి, 33, 41 దగ్గర గుర్తు పెట్టాను. డ్రిల్లు ముందు బోర్డు దాటి, ఆ వెంటనే గట్టిగా చెక్కలో దిగింది. బిట్‌తో పాటు తెల్లపొడి, దాని వెనక చెక్కపొట్టు వచ్చాయి. నాలుగు స్క్రూలూ బిగించాక నా బరువంతా వేసి లాగి చూశాను. తర్వాత నాన్న మంచం అంచున కూర్చుని, రాడ్ పట్టుకుని, నా చెయ్యి అడక్కుండా లేచారు.