పూత కాలంలో ఒక మంగళవారం

అక్టోబరు 14, మంగళవారం, రాత్రి

పొద్దున్నుంచీ మబ్బు. వరి పూత మీదున్నప్పుడు మబ్బు పట్టిందంటే పని గంటసేపు వెనక్కి జరిగినట్టే. ఎండ కాస్తే తొమ్మిదిన్నరకల్లా పూలు విచ్చుకోవడం మొదలై పదకొండున్నరకి అంతా సద్దుమణుగుతుంది. ఈరోజు పదింబావుకి గానీ మొదటి పువ్వు నోరు తెరవలేదు. అప్పటిదాకా ఏం పనిలే అని ల్యాబులో కూర్చుంటే కుదరదు. కేసరం పగిలి బయటపడ్డాక పుప్పొడి బతికుండేది ఐదు నిమిషాలే. మడి గట్టు మీద నిలబడి వెన్నుల వంక చూస్తూ ఉండటమే అప్పుడు పని.

చేస్తున్నది ఇదీ: 125 రోజుల సన్నగింజ రకం ఒకదానిలోకి ఎండాకు తెగులుని తట్టుకునే మూడు జీన్లు తీసుకురావాలి. వాటిని ఇచ్చే దాత మెరుగుపరచిన సాంబమసూరి. అసలు సాంబమసూరి బీపీటీ 5204గా 1986లో బాపట్ల నుంచి వచ్చింది. అన్నం బాగుంటుంది, మంచి ధర పలుకుతుంది, ఎండాకు తెగులుకి మాత్రం నిలవదు. గాలివాన వెళ్ళిన వారానికి ఆకు కొన నుంచి అంచుల వెంట అలలు అలలుగా ఎండు గడ్డి రంగు కిందికి దిగుతుంది. అది బాక్టీరియా. ఒకసారి చేలో పడ్డాక మందు కొట్టి నయం చేసే దారి సరిగ్గా లేదు. నత్రజని ఆపి, నీళ్ళు తీసేసి, ఆ పైన చూస్తూ ఉండాలి. అందుకే హైదరాబాదులోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ కలిసి సాంబమసూరిలోకే ఎక్స్ఏ21, ఎక్స్ఏ13, ఎక్స్ఏ5 అనే మూడు జీన్లు చేర్చాయి. ఆ రకం 2008లో విడుదలైంది. ఎక్స్ఏ21 మొదట దొరికింది ఆఫ్రికా అడవి వరిలో. అక్కడి నుంచి ఎన్ని చేతులు మారి ఈ మడిదాకా వచ్చిందో తలుచుకుంటే గింజని పారేయబుద్ధి కాదు.

ఒక్క జీన్‌తో సరిపెట్టుకోకుండా మూడెందుకంటే, బాక్టీరియా ఊరికే కూర్చోదు గనక. ఒక్క జీన్ ఉన్న రకాన్ని ఎక్కువ ఎకరాల్లో వేస్తే, దాన్ని దాటగలిగే బాక్టీరియాకే మనం మేత వేసినట్టు. మూడు తాళాలు ఒకేసారి తీయడం దానికి చాలా కష్టం.

ఇప్పుడున్నది మొదటి బ్యాక్‌క్రాస్ తరం. సన్నగింజ రకానికీ దాతకీ పుట్టిన సంకరాన్ని మళ్ళీ సన్నగింజ రకంతో కలిపితే వచ్చిన 52 మొక్కలు. సన్నగింజ రకం వాటా సగటున సంకరంలో 50 శాతం, ఈ తరంలో 75, వచ్చే తరంలో 87.5, ఆ తర్వాత 93.75. మూడు జీన్లు మూడు వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి (21 పదకొండో దాని మీద, 13 ఎనిమిదో దాని మీద, 5 ఐదో దాని మీద), కాబట్టి మూడూ ఒకే మొక్కలోకి దిగే అవకాశం ఎనిమిదింట ఒకటి. అలాంటి మొక్క ఒక్కటైనా దొరుకుతుందని 99 శాతం ధీమా కావాలంటే కనీసం 35 మొక్కలుండాలి. చివర్లో స్వయంపరాగం చేసి మూడూ జంటగా కుదిరిన (ప్రతి జీన్‌కీ రెండు కాపీలున్న) మొక్కని వెతికేటప్పుడు అవకాశం 64లో ఒకటికి పడిపోతుంది, అదే ధీమాకి 293 మొక్కలు కావాలి. ఈ లెక్క విత్తనం వేసేముందే చేసుకోవాలి. ఇరవై గింజలు మొలిచాక లెక్క వేస్తే ఆ సీజన్ పోయినట్టే.

52కి ఆరున్నర రావాలి. నారు దశలో తీసిన డీఎన్ఏలో మూడూ ఉన్నాయని స్పష్టంగా తేలినవి నాలుగు. ఐదోది 47వ నంబరు మొక్క. దానిలో 5, 13 ఉన్నాయి, 21 దగ్గర మాత్రం జెల్ (డీఎన్ఏ ముక్కల్ని పొడవుని బట్టి గీతలుగా విడదీసే పలక) మీద పై గీత ఉందా లేదా అన్నంత పల్చగా పడింది. లేదని రాసి పీకేయకుండా 'అనుమానం' అని రాసి మడిలోనే ఉంచాం. దాని మొదటి వెన్ను నిన్న సగం బయటికొచ్చింది. రేపో ఎల్లుండో పూస్తుంది. తేల్చడానికి ఈరోజే గడువు.

పొద్దున్న పని ముందు రాస్తాను. నిన్న సాయంత్రం కేసరాలు తీసి బటర్ పేపర్ సంచులు తొడిగిన వెన్నులు ఆరు. అన్నీ సన్నగింజ రకానివే, అంటే తల్లి ఎప్పుడూ అదే. బ్యాక్‌క్రాస్ మొక్క తండ్రి, దాని నుంచి పుప్పొడి మాత్రమే తీసుకుంటాం. తిప్పి చేసేవాళ్ళూ ఉన్నారు, నాకు ఇదే సబబు అనిపిస్తుంది. కేసరాలు తీసేటప్పుడు ఒకటీ అరా మిగిలిపోయి తల్లి తన పుప్పొడితోనే గింజ కట్టిందనుకోండి, ఆ గింజలో జీన్లు ఉండవు, వచ్చే తరం మార్కర్ పరీక్షలో (జీన్ పక్కనుండే డీఎన్ఏ గుర్తుని వెతికే పరీక్షలో) అదంతట అదే రాలిపోతుంది. బ్యాక్‌క్రాస్ మొక్కనే తల్లిని చేస్తే అలా పొరపాటున కట్టిన గింజలోనూ జీన్లు ఉండొచ్చు, అప్పుడు మార్కరు దాన్ని పట్టుకోలేకపోవచ్చు. పైగా ఒక తండ్రి వెన్ను చాలామంది తల్లులకి సరిపోతుంది, ఉన్న ఒక్కగానొక్క మొక్కని కత్తిరించి పాడుచేసుకోవాల్సిన పని ఉండదు.

తండ్రి వెన్నుల్ని పూలు విచ్చుకోకముందే కాడతో కోసి, నీళ్ళున్న ఫ్లాస్కులో పెట్టి, వెలుతురు తగిలే చోట ఉంచాం. పసుపు కేసరాలు బయటికి వేలాడగానే తల్లి వెన్ను సంచి పైభాగం విప్పి, తండ్రి వెన్నుని దాని మీద తలకిందులుగా పట్టుకుని వేలితో మీటుతూ తిప్పాలి. సన్నటి పసుపు పొగలా రాలుతుంది. రాలకపోతే ఇంకా వేళ కాలేదని అర్థం, రెండు నిమిషాలు ఆగాలి. తడి ఉంటే పుప్పొడి ముద్ద కడుతుంది, కాబట్టి మంచు ఆరకుండా మొదలుపెట్టకూడదు. ఒక తండ్రి అయ్యాక ఇంకో తండ్రిని పట్టుకునేముందు చేతులు స్పిరిటుతో తుడుచుకోవాలి. ఇదంతా చేసేటప్పుడు ప్రతిసారీ గుర్తొచ్చే సంగతి ఒకటుంది. ఎక్స్ఏ13 మామూలు రూపం చక్కెరని కణం బయటికి పంపే ప్రోటీన్ చేస్తుంది. బాక్టీరియా తన ప్రోటీన్ ఒకటి మొక్క కణంలోకి దింపి, ఆ జీన్ ముందుండే స్విచ్చి నొక్కి, చక్కెర రాబట్టుకుని బతుకుతుంది. తట్టుకునే రూపంలో ఆ స్విచ్చి దగ్గర అక్షరాలు మారి ఉంటాయి, బాక్టీరియాకి అది దొరకదు. మరి అదే జీన్ పుప్పొడి ఎదగడానికీ కావాలి. జీన్ మొత్తం పనిచేయకపోతే గింజ సరిగ్గా పట్టదు, స్విచ్చి మాత్రమే మారితే పంట నిలుస్తుంది. వేలి మీద పడిన ఆ పసుపు పొడిని చూసినప్పుడల్లా ఈ సంగతి నన్ను ఆపేస్తుంది.

పన్నెండుకి ల్యాబులోకి. 47వ మొక్క ఆకు నిన్ననే తీసి ఫ్రీజరులో పెట్టాం. పూత దశలో పోటాకు (వెన్ను కిందుండే చివరి ఆకు) తీయకూడదు. ముదురు ఆకులో పిండిపదార్థాలు, ఫినాల్సు ఎక్కువ, డీఎన్ఏ జిగురుగా, గోధుమ రంగులో వస్తుంది. ఆలస్యంగా వచ్చిన పిలక నుంచి లేత ఆకు నాలుగు సెంటీమీటర్లు చాలు. ద్రవ నత్రజనిలో పొడి చేసి, ఆ పొడి కరిగేలోపే 65 డిగ్రీల వేడి మీదున్న సీటాబ్ (కణాల పొరలు కరిగించి డీఎన్ఏని బయటికి తెచ్చే రసాయనం) ద్రావణం పోయాలి. 2 శాతం సీటాబ్, 1.4 మోలార్ ఉప్పు, 100 మిల్లీమోలార్ ట్రిస్, 20 మిల్లీమోలార్ ఈడీటీఏ. ఏసీ గదిలో ఉంచిన సీసాలో సీటాబ్ తెల్లగా గడ్డకట్టి ఉంటుంది, అలాగే పోస్తే పని చెడుతుంది, ముందు వేడి నీళ్ళలో పెట్టి తేటపరచాలి. నలభై నిమిషాలు అదే వేడిలో ఉంచి, క్లోరోఫాం ఐసోఎమైల్ ఆల్కహాల్ 24:1 కలిపి మెల్లగా తిప్పాలి. ఇక్కడ చెయ్యి విసురుగా ఊపితే పొడుగాటి డీఎన్ఏ తెగిపోతుంది. సెంట్రిఫ్యూజ్ తర్వాత పై పొర తీసుకుని, మధ్యలో తెల్లటి తెట్టు జోలికి పోకుండా ఆపి, చల్లటి ఐసోప్రొపనాల్ పోస్తే దూది పోగులా తేలుతుంది.

క్లోరోఫాం చుక్క మూత మీద పడితే పర్మనెంట్ మార్కర్ సిరా ఇట్టే కరిగిపోతుంది. 70 శాతం ఆల్కహాల్ కూడా అంతే. నంబరు మూత మీద ఒకసారి, పక్కన ఒకసారి రాసి పైన పారదర్శక టేపు అంటించడం రెండు సెకన్ల పని. ఆ రెండు సెకన్లు మిగుల్చుకుంటే 47, 41 ఒకటైపోతాయి. డీఎన్ఏ ఎంత శుభ్రంగా వచ్చినా అది ఏ మొక్కదో తెలియకపోతే పారబోసుకోవాల్సిందే. నారుమడి నుంచి మడికి, మడి నుంచి ట్యూబుకి, ట్యూబు నుంచి ప్లేటుకి, ప్లేటు నుంచి జెల్‌కి, మళ్ళీ మడిలోని ట్యాగుకి ఒకే నంబరు చెక్కుచెదరకుండా నడవాలి. ఈ పని మొత్తంలో నేను దేనికైనా భయపడతానంటే దానికే.

నారు దశలో 47 ఎందుకు తికమక పెట్టిందో ఊహించడం కష్టం కాదు. ఎక్స్ఏ21ని ఆనుకుని ఉండే పీటీఏ248 మార్కరు తట్టుకునే రూపంలో సుమారు 950 బేస్‌ల (డీఎన్ఏ అక్షరాల) ముక్కని, తట్టుకోని రూపంలో 650 చిల్లర ముక్కని ఇస్తుంది. బ్యాక్‌క్రాస్ మొక్కలో జీన్ ఉంటే రెండు గీతలూ కనపడాలి. పీసీఆర్‌లో (డీఎన్ఏ ముక్కకి లెక్కలేనన్ని కాపీలు తీసే పద్ధతిలో) పొట్టి ముక్క పొడుగు ముక్కని తొక్కేస్తుంది. డీఎన్ఏ తెగిపోయి ఉన్నా, మరీ మురికిగా ఉన్నా పొడుగుది ముందు మాయమవుతుంది. అప్పుడు కింది గీత ఒక్కటే చూసి మంచి మొక్కని పీకేస్తాం. ఉన్నదాన్ని లేదనుకునే ఈ తప్పు జరిగిందని ఎప్పటికీ తెలియదు, ఎందుకంటే ఆ మొక్క ఇక ఉండదు. దీనికి మందు కంట్రోళ్ళే, అంటే ఫలితం ముందే తెలిసిన నమూనాలు. ప్రతి జెల్‌లో దాత, సన్నగింజ రకం, వాటి సంకరం, ఉత్త నీళ్ళు, ఈ నాలుగూ ఉండాలి. సంకరం డీఎన్ఏ లేకపోతే రెండు తల్లిదండ్రుల డీఎన్ఏలు సమంగా కలిపి వాడుకోవచ్చు. సంకరం గడిలో రెండు గీతలూ రాకపోతే ఆ జెల్ మీద ఇంకేం కనిపించినా రాసుకోకూడదు. నీళ్ళ గడిలో గీత వస్తే పిపెట్ల నుంచి ప్రైమర్లదాకా అన్నీ అనుమానించాల్సిందే.

10 మైక్రోలీటర్ల రియాక్షను, 50 నానోగ్రాముల డీఎన్ఏ, 94 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు, ఆపైన 94, 55, 72 డిగ్రీల చక్రం 35 సార్లు. పొడుగు ముక్క కోసం 72 దగ్గర నిమిషం పూర్తిగా ఇచ్చాం. 47ని మూడు గడుల్లో వేసి, ఒకదానిలో డీఎన్ఏ ఐదో వంతుకి పల్చబరిచాం. మలినాలు అడ్డుపడుతుంటే పల్చబరిచినదే బాగా పలుకుతుంది. తర్వాత 1.5 శాతం అగరోజు, 150 మిల్లీలీటర్లకి 2.25 గ్రాములు. పెల్లెట్ (ట్యూబు అడుగున దిగిన డీఎన్ఏ) సరిగ్గా ఆరక డీఎన్ఏలో ఆల్కహాల్ మిగిలిపోతే అసలు పీసీఆరే సరిగా నడవదు. నాణ్యత చూద్దామని ఆ డీఎన్ఏనే జెల్‌లో పోస్తే గుంతలోంచి పొగలా పైకి లేచిపోతుంది. అందుకే ఈసారి మూతలు తెరిచి మరో పది నిమిషాలు ఆరబెట్టాం.

నాలుగున్నరకి యూవీ కింద చూశాం. సంకరం గడిలో రెండు గీతలు. నీళ్ళ గడి నల్లగా, ఖాళీగా. 47 మూడు గడుల్లోనూ 950 దగ్గర ఒకటి, 650 దగ్గర ఒకటి. పల్చబరిచిన గడిలో రెండూ దాదాపు సమానంగా వెలుగుతున్నాయి. ఫొటో తీసి, నోటుబుక్కులో ఆరు నెలల తర్వాత చదివినా అర్థమయ్యేలా ప్రతి గడి కిందా పేరు రాశాం. మార్కరు జీన్‌కి పక్కింటిది మాత్రమే, జీన్ అది కాదు. బాక్టీరియాలో ముంచిన కత్తెరతో ఆకు కొనలు రెండు మూడు సెంటీమీటర్లు కత్తిరించి, పద్నాలుగు రోజులకి మచ్చ పొడవు కొలిచే పరీక్ష చివరి తరాల్లో ఎలాగూ చేయాలి. ఇప్పుడే చేసినా 5, 13 విషయం తేలదు. అవి రెండూ ఒకే కాపీ ఉన్నప్పుడు తెగులుని ఆపవు, జంట కుదిరినప్పుడే పనిచేస్తాయి. ఇన్ని ట్యూబుల అవసరం వచ్చింది అందుకే.

ఐదింటికి మళ్ళీ మడిలోకి. 47 కోసం తల్లి వెన్నులు రెండు సిద్ధం చేయాలి. సన్నగింజ రకాన్ని పది రోజుల తేడాతో మూడు దఫాలు వేశాం కాబట్టి సరైన దశలో వెన్ను దొరికింది. సగం పైన బయటికొచ్చిన వెన్ను తీసుకుని, చివర ఇప్పటికే పూసిన పువ్వుల్ని తీసేయాలి. అడుగున ఉన్నవాటిని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఊక లోపల కేసరాల నీడ కనపడుతుంది. నీడ సగం ఎత్తుకి రాకపోతే లేతది, దాన్నీ తీసేయాలి. మిగిలిన ముప్పై నలభైకి పై మూడో వంతు కత్తెరతో ఏటవాలుగా కోసి, ఫోర్‌సెప్స్‌తో కేసరాలు తీయాలి. ఆరు. ప్రతి పువ్వులోనూ ఆరే, నోట్లో లెక్కపెట్టుకుంటూ తీస్తేనే ఆరూ వస్తాయి. కేసరం నలిగి పగిలితే ఆ పువ్వుని మొత్తంగా తీసేయడం మేలు. మొగ్గ అడుగున ఉండే ఈకలాంటి కీలాగ్రానికి ఫోర్‌సెప్స్ తగిలితే గింజ పట్టదు. ముప్పై పువ్వులు చేస్తే పది గింజలు పట్టినా నాకు సంతోషమే. ఊక కోసేసి ఉంటుంది గనక గింజ కొన బయటికి కనిపిస్తూ పెరుగుతుంది, వానకి బూజు పట్టే ప్రమాదం ఉంది. సంచి కింద క్లిప్పు మరీ బిగించకూడదు, గాలి ఆడాలి.

ట్యాగులు ఇప్పుడే రాసి పెట్టాను. పెన్సిలుతోనే, పెన్ను సిరా మడిలో వారం ఆగదు. తల్లి పేరు, గుణకారం గుర్తు, 47, కేసరాలు తీసిన తేదీ 14, పుప్పొడి వేసే తేదీ ఖాళీ. రేపు ఎండ వస్తే తొమ్మిదిన్నరకి మొదలుపెట్టొచ్చు, 47 ఇంకా పూయకపోయినా తొందర లేదు. కీలాగ్రం రెండు మూడు రోజులు ఆగుతుంది.