మెదక్ మొక్కు: పడమటి కిటికీ వెలిగేదాకా ఉండండి

మెదక్ చర్చి మొక్కు తీర్చుకుని సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో, తిరుమలగిరిలోని మా మిలిటరీ క్వార్టర్‌కి చేరాను. శాలువాకి అంటిన కొవ్వొత్తి మైనం ఇంకా వదల్లేదు. దేవునికి స్తోత్రం. మావారు దక్షిణ సూడాన్‌లో, ఐక్యరాజ్యసమితి శాంతిసేనలో ఉన్నారు. పెళ్లయ్యాక ఆయన దేశం దాటి ఉన్న మొదటి క్రిస్మస్ ఇది. అక్కడ వానలు వెనకబట్టే అక్టోబరులో ఆయనకి మలేరియా పట్టుకుంది. మనవాళ్ల ఫీల్డ్ ఆసుపత్రే ఉంది, వైద్యానికి లోటు లేదు. అయినా జ్వరం దిగిందన్న కబురు వచ్చేదాకా ఇక్కడ నాకు ముద్ద దిగలేదు. రిపోర్టు నెగెటివ్ వస్తే క్రిస్మస్ తెల్లవారు ఆరాధనకి మెదక్ వస్తానని మొక్కుకున్నాను. వచ్చింది, వెళ్లాను. నా సంగతి ఇంతే. కంటోన్మెంట్‌లో నాలాగే భర్త దూరాన ఉన్న చెల్లెళ్లు "ఒక్కదాన్నే వెళ్లి రాగలనా అక్కా" అని అడుగుతున్నారు, వాళ్ల కోసమే ఈ రాత. వెళ్లి రావచ్చు, కాకపోతే లెక్క తెలిసి వెళ్లాలి.

మెదక్‌కీ మన కంటోన్మెంట్‌కీ చుట్టరికం పాతదే. మెదక్ చర్చి కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర 1895లో సికింద్రాబాద్ వచ్చి మొదట సేవ చేసింది తిరుమలగిరిలోని తెల్ల సిపాయిల మధ్యే. మెదక్ పల్లెలకి ఆ తర్వాతే వెళ్లాడు. 1914లో చర్చి పని మొదలై 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరగడం, కరువు రోజుల్లో రాళ్లు మోసినవాళ్లకి గింజలు కొలవడం, ఇవన్నీ మీకు తెలిసినవే. సిపాయిల పాస్టరు కట్టించిన గుడికి సిపాయి భార్య మొక్కుకోవడం నాకైతే సబబుగానే తోచింది.

ఇక ప్రయాణం. తెల్లవారు ఆరాధన నాలుగున్నరకి. కాబట్టి 24 సాయంత్రానికే మెదక్‌లో ఉండాలి, అర్ధరాత్రి బయల్దేరి అందుకుందామంటే కుదిరే పని కాదు. సికింద్రాబాద్ జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి సుమారు వంద కిలోమీటర్లు, మామూలు రోజుల్లో రెండున్నర మూడు గంటల దారి. పండగ ముందు రోజు దానికి ఇంకో గంట కలుపుకోండి. 2022 నుంచి మెదక్‌కి రైలు కూడా ఉంది గానీ పండగ జనానికి బస్సే నమ్మకం. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ఎక్కితే ఆడవాళ్లకి మహాలక్ష్మి పథకం కింద జీరో టికెట్, అంటే ఉచితం, డీలక్స్‌కీ ఆపైవాటికీ డబ్బు కట్టాల్సిందే. ఇక్కడే మన మిలిటరీవాళ్లకి ఒక మెలిక ఉంది. కార్డు మీద తెలంగాణ చిరునామా ఉంటేనే జీరో టికెట్. ఆధార్‌లో ఇంకా గుంటూరో రాంచీయో ఉన్నవాళ్లు క్వార్టర్ కాగితం, డిపెండెంట్ కార్డు చూపిస్తూ కండక్టరుతో వాదించి లాభం లేదు, చిల్లర చేతిలో పెట్టుకుని ఎక్కండి.

లాడ్జీలు ముందే నిండిపోతాయి. ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు చర్చి మైదానంలోనే టార్పాలిన్ కట్టుకుని, మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని, కోడికూర వండుకుంటారు. ఒంటరిగా వెళ్లిన ఆడమనిషి కుటుంబాలతో ఉన్నవాళ్ల పక్కన, దీపస్తంభం వెలుతురు పడే చోట చాప పరుచుకోవడం మేలు. రంగులరాట్నాల వైపు వద్దు, అక్కడ మైకులు రాత్రంతా ఆగవు. డిసెంబరు చివర మెదక్ చలి సికింద్రాబాద్ చలి కాదు, తెల్లారగట్ట పది పన్నెండు డిగ్రీలకి పడిపోతుంది. స్వెటరు ఒక్కటే చాలదు, కింద పరుచుకోవడానికి మందపాటి దుప్పటి, చెవులకి స్కార్ఫ్, కాళ్లకి మేజోళ్లు ఉండాలి. లోపలికి చెప్పులు లేకుండానే వెళ్లాలి, ఆ వేళ రాతినేల మంచుముక్కే. చెప్పులు బయట వదిలితే మళ్లీ దొరుకుతాయన్న ఆశ పెట్టుకోకండి, గుడ్డసంచిలో వేసుకుని భుజాన తగిలించుకోండి.

తిండి సంగతి ఒక ముక్క. పులిహోర మర్నాటి మధ్యాహ్నం దాకా నిలుస్తుంది, పెరుగన్నం నిలవదు. పిండివంటల్లో గులాబీ పువ్వులు ఇక్కడ తినడానికే గానీ దూరాన ఉన్న భర్తకి పంపడానికి కావు. ఎంత బాగా వచ్చినా విమానంలో పొడి అయిపోతాయి. డిసెంబరులో కూడా దక్షిణ సూడాన్‌లో ఎండ ముప్పై అయిదు డిగ్రీలు దాటుతుంది కాబట్టి పచ్చికొబ్బరి కజ్జికాయలు పంపినా కంపు కొడతాయి. సెలవు ముగించుకుని వెళ్లేవాళ్లెవరైనా దొరికితే బెల్లం గవ్వలు, పుట్నాల పొడి కూరిన కజ్జికాయలు, క్రీము లేని ప్లమ్ కేకు ఇచ్చి పంపండి. ఆవకాయ మూత ఎంత బిగించినా నూనె కారుతుంది, సామాను మోసుకెళ్లే మనిషి బట్టలన్నీ పాడవుతాయి, మొహమాటానికి ఏమీ అనరు.

ప్రార్థన చీటీ ఇంటి దగ్గరే రాసుకోండి. అక్కడ పెన్ను కోసం వెతుక్కుంటే మీ వెనక ఇరవై మంది తోస్తుంటారు. భర్త పేరు, ఇంటి పేరు, మీ ఊరు, మనవి ఒక వాక్యం, అంతే చాలు. యూనిట్ నంబరు, క్యాంపు పేరు, తిరిగొచ్చే తారీఖు రాయొద్దు. చీటీలు మైకులో చదవచ్చు, పక్కవాళ్లు ఫోటో తీయచ్చు. దేవుడికి పిన్‌కోడ్ అక్కర్లేదు. ఆరాధన ఫోటోలు స్టేటస్‌లో పెట్టేటప్పుడూ అదే జాగ్రత్త, "మావారు ఫలానా చోట" అన్న మాట వద్దు. కృతజ్ఞత కానుక కూడా కవరులో పెట్టి, పేరు రాసి, అతికించి తీసుకెళ్తే పళ్లెం దగ్గర తడుముకోవక్కర్లేదు.

ఫోను మీద ఆశ తగ్గించుకోండి. దక్షిణ సూడాన్ మనకంటే మూడున్నర గంటలు వెనక. మెదక్‌లో నాలుగున్నర అయ్యేసరికి అక్కడ రాత్రి ఒంటిగంట, అర్ధరాత్రి ఆరాధన ముగించుకుని పడుకోబోయే వేళ. వీడియో కాల్‌కి చక్కగా కుదిరే సమయమే, కానీ అన్ని వేల ఫోన్లు ఒక్కచోట చేరాక సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయే తప్ప కాల్ కలవదు. ఫలానా వేళకి చేస్తానని మాట ఇవ్వకండి, మోగకపోతే అక్కడ ఆయన నిద్ర మానుకుని కూర్చుంటారు. "కుదిరినప్పుడు వాయిస్ మెసేజ్ పంపుతాను" అని ముందే చెప్పండి. గంటల మోత, పాట అందులో రికార్డు చేసి పంపేయండి, నెట్ దొరికినప్పుడు అదే వెళ్తుంది.

మూడున్నరకే జనం తలుపుల వైపు కదిలారు. అంత చలిలోనూ చెమట పట్టింది, అంత తోపులాట. పక్కన ఎవరి మోచెయ్యో డొక్కలో, ఎవరి చంటిబిడ్డో నా జడ పట్టుకుని ఏడుపు. "యేసయ్యా" అనుకుందామంటే "అయ్యా తొక్కకండయ్యా" అనే నోటికొస్తోంది. అప్పుడు వెనక నుంచి ఒక ముసలావిడ చెయ్యి పట్టుకుని లాగింది. నుదుట రూపాయి కాసంత బొట్టు, చేతిలో కొవ్వొత్తుల కట్ట. రాత్రి నా పక్క డేరాలో ఉన్నావిడే.

"ఎవ్వల పిల్లవు బిడ్డా? ఒక్కదానివే ఒచ్చినవా?"

"అవునమ్మా. మావారు మిలిటరీలో, వేరే దేశంలో ఉన్నారు."

"గట్లనా. మందిల నడుమ నిలవడకు, నూకేస్తరు. గోడ పొంటి రా. తలుపు తీసినంక ఉర్కకు, ముందుగల్ల పోయేటోళ్లను పోనియ్యి."

రామాయంపేట దగ్గర పల్లె అట. శివరాత్రికి ఏడుపాయల దుర్గమ్మ దగ్గరికి పోతాం, క్రిస్మస్‌కి ఇక్కడికి వస్తాం, మా అత్త కాలం నుంచీ ఇంతే అంది. ఆవిడ చెప్పినట్టే గోడ పట్టుకుని వెళ్లాం. అందులో కిటుకు ఏమిటంటే, తలుపు తెరవగానే మధ్యలో ఉన్న జనమంతా నేరుగా బలిపీఠం వైపు దూసుకుపోతారు, పక్క నడవలు కాసేపు ఖాళీగా ఉంటాయి. స్తంభం పక్కన కూర్చునే చోటు దొరికింది. ఆవిడ తన చెద్దరు సగం నా కాళ్ల మీద కప్పి, "నీ పెనిమిటి పేరేంది? నేను గూడ మొక్కుత" అంది. చెప్పాను. ఆ పేరు ఆవిడ నోట పలకలేదు, మూడుసార్లు అన్నా మూడు రకాలుగా వచ్చింది. ఆరాధన అంతా ఆ మూడు పేర్లతోనే మొక్కుతూ కూర్చుంది.

శిలువ ఊరేగింపుతో మొదలైంది. కొవ్వొత్తుల వరస, తెల్ల అంగీల గాయకులు, వెనక పాస్టర్లు, బిషప్ గారు. అయిదు వేలమంది పట్టే చోట అందరూ ఒక్కసారి పాట అందుకుంటే కింద రాయి అదురుతుంది. సందేశం నా చెవిన సగమే పడింది, కుడిపక్క ఎవరో చిప్స్ ప్యాకెట్టు విప్పి అయ్యేదాకా నములుతూనే ఉన్నారు. ఆరాధన అయ్యాక పాస్టర్ల దీవెన కోసం వరస కడతారు. నా తల మీద చెయ్యి ఆనింది నాలుగు సెకన్లు ఉంటుందేమో. ఆ నాలుగు సెకన్లలో రాసుకెళ్లిన మనవి ఒక్క ముక్క గుర్తు రాలేదు, ఆయన పేరు మాత్రం అన్నాను.

అసలు కష్టం వచ్చేది ఇక్కడే. తెల్లవారు ఆరాధనవాళ్లు బయటికి వస్తుంటారు, పగటి ఆరాధనకి వచ్చేవాళ్లు అవే తలుపుల దగ్గర గుమిగూడతారు. రెండు ప్రవాహాలూ మెట్ల మీద ఢీకొంటాయి, పిల్లలు తప్పిపోయేది ఆ అరగంటలోనే. తొందరపడి బయటికి రాకండి. లోపలే పక్క నడవలో కాసేపు కూర్చుని, జనం పలచబడ్డాక రండి. ఆ కాసేపూ వృథా కూడా కాదు, కిటికీలు వెలిగేది అప్పుడే.

మెదక్ రంగుటద్దాల కిటికీలు లోపలి దీపాలకి వెలగవు, బయటి ఎండకే వెలుగుతాయి. చీకటిలో వచ్చి చీకటిలోనే వెళ్లిపోయేవాళ్లకి కనిపించేది నల్లటి గాజు. తూర్పు కిటికీలో సిలువ, ఉత్తరాన బలిపీఠం పైన ఆరోహణం, పడమట జననం. డిసెంబరులో సూర్యుడు పొద్దు పొడిచేసరికి పావు తక్కువ ఏడు, కాస్త పైకెక్కాక సిలువ కిటికీ ముందు వెలుగుతుంది. ఉత్తరపు కిటికీకి ఈ కాలంలో నేరుగా ఎండ తగలదు, పగలంతా ఒకే తీరు నిమ్మళమైన వెలుగు. పశువుల తొట్టి ఉన్న పడమటి కిటికీకి ఎండ రావాలంటే మధ్యాహ్నం తిరగాలి. క్రిస్మస్‌కి వచ్చి, ఏ పుట్టుక కోసం వచ్చామో ఆ కిటికీ చూడకుండా పొద్దున్నే బస్సెక్కేవాళ్లే ఎక్కువ. నన్నడిగితే అది సగం యాత్రే.

అందుకే పులిహోర తిని, డేరా నీడలో ఒక కునుకు తీసి, మూడు దాటాక మళ్లీ వెళ్లాను. జనం తగ్గలేదు. కానీ మధ్యాహ్నం వచ్చేవాళ్లు చూసి పోయేవాళ్లు, వరస నడుస్తూనే ఉంటుంది. పడమటి కిటికీ ఎదురుగా వచ్చేసరికి ఎండ సరిగ్గా దాని మీదికి దిగింది. పైన పరలోక కాంతి, కింద తొట్టి, బాలుడి మీదికి వంగిన మరియమ్మ, పక్కన యోసేపు. ముందు ముదురు రంగులు మాత్రమే కనిపించాయి. చూస్తుండగానే ముఖాలు తేలాయి, ఒకదాని తర్వాత ఒకటి, చివరికి తొట్టిలో బాలుడు. నా ముందున్న బూడిదరంగు స్తంభం మీద ఎర్రటి మరక ఒకటి పడి, వరసలో కదిలే తలలు అడ్డం వచ్చినప్పుడల్లా వాళ్ల జుట్టు మీదికి మారుతోంది. పుట్టినప్పుడు ఇల్లు దొరకనివాడు, పరదేశానికి మోసుకుపోబడ్డవాడు. ఇంకా ఏదో అనుకోబోయాను, "నడవండమ్మా, ఆగకండి" అని వెనక నుంచి కేక. నడిచాను.

ఆ కిటికీ చూశాక ఇంక ఆగొద్దు. అయిదు దాటితే డేరాలు విప్పుకున్నవాళ్లంతా బస్టాండు మీద పడతారు, మూటలతో మెట్ల దాకా నిండిపోతుంది. నాలుగింటికల్లా బయల్దేరి బస్టాండు లోపలికే వెళ్లి ఎక్కండి. దారిలో చెయ్యెత్తితే నిండు బస్సు ఆగదు. కూర్చునే సీటు దొరికితే తూప్రాన్ దాకా నిద్రే. నా వాయిస్ మెసేజ్‌కి రెండు టిక్కులు పడింది కూడా ఆ దారిలోనే.

చంటిపిల్లలున్నవాళ్లు, నిండు నెలలవాళ్లు 25నాడు సాహసం చేయకండి. మొక్కు క్రిస్మస్‌దని చెప్పుకున్నా, పండగ వారం దాటాక ఏదో ఒక మామూలు రోజు వెళ్తే దేవుడేమీ అనుకోడు. ఉదయం పదకొండు బస్సు ఎక్కితే చాలు, మూడింటికి పడమటి కిటికీ ముందు మీరూ, ఇద్దరో ముగ్గురో ఉంటారు. "ఆగకండి" అనేవాళ్లు ఉండరు. మావారు వచ్చాక మేమిద్దరం వెళ్లబోయేది అలాగే.