ముందు కాటా, తర్వాతే రొయ్యలు

మా మామకి అల్లూరు పక్కన రెండు రొయ్యల గుంటలున్నాయి. తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతది, ఆ టైంలో కరెంటు పోయి నీళ్లకి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే పంట పోయినట్టే, అందుకని షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ పెట్టి డీఓ (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు రాసేట్టు చేశా. అది చూసేదానికి ప్రతిసారీ కావలి నుంచి బండేసుకుని పోలేం గదా, అట్టా మొదలైంది ఎస్ఎస్‌హెచ్ (దూరాన ఉన్న కంప్యూటర్‌లోకి నెట్‌వర్క్ మీద లాగిన్ అయ్యే పద్ధతి) నేర్చుకోవడం.

మొదటిసారి కనెక్ట్ అయితే ఏవో పొడుగాటి అక్షరాలు చూపించి, ఈ మిషన్ ఎవరో నాకు తెలీదు, ముందుకి పోనా అని అడిగింది. చదవకుండా ఎస్ కొట్టేశా. లాగిన్ అంటే మనం ఎవరో మిషన్‌కి చెప్పుకోవడమే అనుకునేవాణ్ణి. పట్టుబడి రోజు మామ కొనేవాళ్ల కాటా మీద ముందు తన 5 కేజీల రాయి పెట్టాడు, సరిగ్గా చూపిస్తేనే ట్రే ఎత్తనిచ్చాడు. "సరుకు పెట్టకముందే కాటా సంగతి తేలాల అబ్బయ్యా" అన్నాడు. అప్పుడు వెలిగింది నాకు, పాస్‌వర్డ్ ఇవ్వకముందే అవతలి మిషన్ తనెవరో మనకి రుజువు చూపించాల, ఆ పొడుగాటి అక్షరాలు అందుకే, దాన్నే ఫింగర్‌ప్రింట్ అంటారు. షెడ్డులో మానిటర్ తగిలించి అసలుది కాగితం మీద రాసుకొచ్చా, ఇంట్లో లాప్‌టాప్‌లో వచ్చినదాంతో అక్షరం అక్షరం పోల్చా. ఒకసారి ఒప్పుకుంటే లాప్‌టాప్ గుర్తుపెట్టుకుంటది, తర్వాత అది మారితే పెద్ద వార్నింగ్ వేసి ఆపేస్తది. మెమరీ కార్డు మార్చి ఓఎస్ మళ్లీ వేసినప్పుడు నాకొచ్చింది. మనమే మార్చుంటే లాప్‌టాప్ గుర్తుపెట్టుకున్న పాత లైను తీసేయొచ్చు, మనకి తెలీకుండా మారితే మాత్రం పాస్‌వర్డ్ కొట్టొద్దు.

ఎస్ఎస్‌హెచ్ పుట్టిందే పాస్‌వర్డ్ దొంగతనం వల్ల. 1995లో ఫిన్లండ్‌లో హెల్సింకి టెక్నాలజీ యూనివర్సిటీ నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు పట్టేస్తే, అక్కడ పనిచేసే టాటు య్లోనెన్ దీన్ని రాశాడు. అంతకుముందు వాడే టెల్నెట్‌లో పాస్‌వర్డ్ ఉన్నదున్నట్టు వైరు మీద పోయేది. పోర్టు అంటే ఒక్కో సర్వీసుకి ఉండే తలుపు నెంబరు. టెల్నెట్‌ది 23, ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీది 21, మధ్యలో ఖాళీగా ఉన్న 22 అడిగి తీసుకున్నాడు.

పాస్‌వర్డ్ బదులు కీ అనే ఫైళ్ల జతతో లాగిన్ అయ్యే పద్ధతి ఇంకా నచ్చింది. ప్రైవేట్ కీ లాప్‌టాప్ దాటి పోదు, దాని జత పబ్లిక్ కీ మాత్రమే సర్వర్‌లో (అవతలి మిషన్‌లో) పెడతాం, లాగిన్ అయ్యేటప్పుడు ఆ కనెక్షన్ కోసమే ఒక సంతకం పోతది, ఎవడన్నా పట్టుకున్నా ఇంకోసారి పనికిరాదు. నేను కీ పెట్టాక కూడా పాస్‌వర్డే అడగతా ఉంటే సాయంత్రమంతా పోయింది, చివరికి చూస్తే సర్వర్‌లో ఆ కీ ఉండే ఫోల్డరులో ఎవరైనా రాసేట్టు పర్మిషన్ ఉండాది, అట్టా ఉంటే సర్వర్ ఆ కీని లెక్కలోకే తీసుకోదు. ఫోల్డరుకి 700, ఫైలుకి 600 (ఓనరు తప్ప ఇంకెవరూ ముట్టుకోలేని పర్మిషన్లు) పెట్టగానే లోపలికి రానిచ్చింది. ఆ తర్వాతే పాస్‌వర్డ్ లాగిన్ తీసేశా, అదీ ఒక విండో తెరిచే ఉంచి, రెండో విండోలో లాగిన్ అయ్యి చూసుకున్నాకే.

నిన్న తెల్లారి నాలుగింటికి మంచం మీదనుంచే చూశా, రెండో గుంటలో డీఓ 3.6 ఉండాది. మామకి ఫోన్ చేస్తే ఇంకో ఏరియేటర్ వేశాడు, అయిదున్నరకి 4.4కి ఎక్కింది.