ఫ్లషింగ్‌లో నల్ల నూడుల్సు, జీలకర్ర మాంసం

ఆదివారం.

న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి మా బావమరిది కుటుంబంతో సహా వచ్చాడు. న్యూయార్క్ నగరంలోని ఫ్లషింగ్ పేటలో, బౌన్ వీధిలోని గణపతి గుడికి వెళ్ళి, అర్చన చేయించుకుని, కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోశెలు తిని రావాలన్నది ఆడవాళ్లు ముందే వేసుకున్న పథకం. గుడి లోపలికి వెళ్ళినవాళ్లు ఆ రోజు మాంసం ముట్టకూడదని మా ఇంట్లో ఒక నియమం ఉంది కాబట్టి, మేమిద్దరం గోపురానికి వీధిలో నుంచే దండం పెట్టుకుని, మధ్యాహ్న భోజనానికి మర్రీ హిల్ వైపు నడక సాగించాం. ఈ లౌక్యాన్ని నా భార్య ఏమాత్రం మెచ్చుకోలేదు.

ఏడో నంబరు రైలు ఆగిపోయే మెయిన్ స్ట్రీట్ స్టేషన్ చుట్టూ ఉన్నదంతా చైనావాళ్ల ప్రపంచం. మన్‌హాటన్‌లోని పాత చైనాటౌన్‌ను ప్రధానంగా కాంటనీస్ మాట్లాడేవారు నిర్మించుకోగా, ఫ్లషింగ్‌కు 1970లు, 80లలో తైవాన్ నుంచి వచ్చిన మాండరిన్ భాషీయులు పునాది వేశారు. ఆ తరువాత ఫుజియన్, వెన్‌జౌ, ఈశాన్య చైనా ప్రాంతాల వాళ్లు వచ్చి చేరారు. కొరియావాళ్లు కూడా ఇంచుమించు అదే కాలంలో ఇక్కడ స్థిరపడినా, మెయిన్ స్ట్రీట్ దగ్గర చైనా దుకాణాలు చిక్కబడే కొద్దీ వాళ్ల వ్యాపారాలు నార్తర్న్ బులెవార్డ్ వెంట తూర్పుకు జరుగుతూ మర్రీ హిల్, బేసైడ్ దాకా పాకాయి. అందువల్ల పడమర నుంచి తూర్పుకు నడుస్తుంటే బోర్డుల మీద చైనా లిపి క్రమంగా పలచబడి, గుండ్రాలూ గీతలూ కలిసిన కొరియా లిపి పెరుగుతూ పోతుంది. ఈ రెండు లిపులూ ఒకే బోర్డు మీద కనిపించే హోటళ్లు కొన్ని ఉన్నాయి. మా బావమరిదికి చూపించాలని నేను అనుకున్నది వాటినే.

మేము వెళ్ళినది రైలు స్టేషన్‌కు దగ్గరలో ఉన్న చిన్న హోటలు. లోపల అలంకారమంటూ ఏమీ లేదు. కూర్చోగానే ఒక ప్లాస్టిక్ కూజాలో బార్లీ టీ, ఒక గిన్నెలో పసుపుపచ్చని ముల్లంగి ఊరగాయ, ఇంకో గిన్నెలో పచ్చి ఉల్లిపాయ ముక్కలు, వాటిని అద్దుకోవడానికి నల్లని ముద్ద కొంచెం తెచ్చి పెట్టారు. వడ్డించే పెద్దావిడ పక్క బల్ల దగ్గర కూర్చున్న కుటుంబంతో కొరియా భాషలో మాట్లాడి, వంటగది కిటికీలోకి తల పెట్టి మాండరిన్‌లో కేక వేసి, ఆ తరువాత మా దగ్గరకు వచ్చి ఇంగ్లీషులో ఏం కావాలని అడిగింది.

"బావగారూ, ఇంతకీ వీళ్లు చైనావాళ్లా, కొరియావాళ్లా?" అని మా బావమరిది నెమ్మదిగా అడిగాడు.

"ముందు తిను, తరువాత చెబుతాను" అన్నాను గానీ, వంటకం వచ్చేలోపు చెప్పకుండా ఉండలేకపోయాను.

1882లో సియోల్‌లో సైనికుల తిరుగుబాటు జరిగినప్పుడు అప్పుడు చైనాను ఏలుతున్న చింగ్ ప్రభుత్వం కొరియాకు సేనలను పంపింది. ఆ సేనల వెంట కొందరు చైనా వర్తకులు కూడా వెళ్ళారు. మరుసటి ఏడాది ఇంచన్ రేవు విదేశీ వ్యాపారానికి తెరుచుకుంది. 1884లో అక్కడ చైనావాళ్లకు ప్రత్యేకంగా ఒక నివాస ప్రాంతం ఏర్పడింది. పసుపు సముద్రానికి ఆవలి ఒడ్డునే షాన్‌డాంగ్ రాష్ట్రం ఉండడంతో కూలీలు, వంటవాళ్లు, బట్టల వర్తకులు అత్యధికంగా అక్కడి నుంచే వచ్చారు. వాళ్లు తమతో తెచ్చుకున్న, పిండిని పులియబెట్టి చేసిన ముద్దతో కలిపి తినే నూడుల్సే ఈనాటి జజాంగ్‌మ్యన్ అనే నల్ల నూడుల్సుకు మూలం. 1949 తరువాత చైనాతో రాకపోకలు తెగిపోయి పాత వ్యాపారాలు దెబ్బతినడంతో హోటలు నడపడం వాళ్లకు ముఖ్య జీవనాధారమైంది. కొరియా యుద్ధం తరువాత అమెరికా సహాయంగా వచ్చిన గోధుమపిండి చవకగా దొరకడం, బియ్యం ఆదా కోసం పిండి వంటకాలు తినమని ప్రభుత్వం 1960లు, 70లలో ప్రజలను ప్రోత్సహించడం కూడా నూడుల్సు వ్యాపారానికి కలిసి వచ్చాయి. కొరియాలో తయారైన ముద్దలో కాల్చిన పంచదార పాకం కలపడం మొదలయ్యాక దానికి ఈ నలుపు, ఈ తీపి వచ్చాయి. ఇంచన్‌లో పేరుమోసిన గోంగ్‌హ్వాచున్ హోటలు నడిచిన పాత భవనాన్ని 2012లో ఏకంగా జజాంగ్‌మ్యన్ మ్యూజియంగా మార్చారు.

అయితే వంటను అంతగా ప్రేమించిన దేశం వండినవాళ్లను అదే తీరున చూడలేదు. విదేశీయులు భూమి కొనడంపై 1960లలో పెట్టిన ఆంక్షలు ఈ కుటుంబాలను బాగా ఇబ్బంది పెట్టాయి. 1990ల చివరలో గానీ ఆ చట్టాలు సడలలేదు. పూర్వీకులు షాన్‌డాంగ్ వారు, పుట్టి పెరిగింది కొరియాలో, చేతిలో ఉన్నది తైవాన్ పాస్‌పోర్టు: ఈ పరిస్థితిలో ఉన్న వేలమంది తైవాన్‌కో అమెరికాకో తరలిపోయారు. 1965లో అమెరికా వలస చట్టం మారడం వాళ్లకు దారి ఇచ్చింది. అలా వచ్చినవాళ్లు న్యూయార్క్‌లోనూ లాస్ ఏంజెలెస్‌లోనూ కొరియా వలసదారులు ఉండే పేటలు వెతుక్కుని హోటళ్లు పెట్టారు, ఎందుకంటే వాళ్ల వంట రుచి తెలిసి, దాని కోసం బెంగపడేది కొరియావాళ్లే. మేము కూర్చున్న చోట వంటగదిలో మాండరిన్, బల్లల దగ్గర కొరియా భాష వినిపించడం ఆ ప్రయాణం వల్లనే.

మా బావమరిది పంది మాంసం తినడు. మామూలు జజాంగ్‌మ్యన్‌లో అది తప్పకుండా ఉంటుంది, పైగా ఆ కూరను పెద్ద పాత్రలో ముందే వండి ఉంచుతారు కాబట్టి తీసేయమని అడిగినా లాభం లేదు. కానీ గాన్‌జజాంగ్ అనే రకాన్ని ఎవరు అడిగితే వాళ్లకు అప్పటికప్పుడు వేయిస్తారు. నీళ్లు, గంజిపిండి కలపకుండా ముద్దను నూనెలో వేయించి, ఉల్లిపాయలు అందులో కరకరలాడుతుండగానే దించేస్తారు. దానిని రొయ్యలు, స్క్విడ్‌లతో చేసి ఇమ్మని, పంది కొవ్వు కాకుండా మామూలు నూనె వాడమని అడిగాం. పెద్దావిడ వంటగదిలోకి ఏదో అరిచి, సరేనన్నట్టు తల ఊపింది. "ఆ మూకుడులో ఇంతకుముందు ఏం వేయించారో మనకు తెలుసా?" అన్నాడు మా బావమరిది. తెలియదని ఒప్పుకున్నాను. కొంచెంసేపు ఆలోచించి, ఆకలిగా ఉందన్నాడు.

నూడుల్సు వేరుగా, కూర వేరుగా రెండు గిన్నెల్లో వచ్చాయి. కూర మొత్తం ఒకేసారి వంచేసి, రెండు చేతులా పుల్లలు పట్టుకుని, తెల్లటి పోగు ఒక్కటి కూడా మిగలకుండా వెంటనే కలిపేయాలి. ఆలస్యం చేస్తే నూడుల్సు అంటుకుపోతాయి. మొదటి ముద్దకు అతని ముఖం తేలిపోయింది. కారం లేదు, పులుపు లేదు, తీపిగా ఉంది, రంగు చూస్తే బొగ్గు. నాకూ మొదట్లో అలాగే అనిపించేది. ముల్లంగి మీద వెనిగర్ చల్లి, నూడుల్సు మీద బల్లపై ఉన్న ఎర్ర కారప్పొడి వేసి తినమన్నాను. సగం గిన్నె అయ్యేసరికి మాటలు తగ్గాయి. కొరియాలో ఇల్లు మారిన రోజున, బడి చదువు పూర్తయిన రోజున దీన్ని తినడం ఆనవాయితీ. వంట చేసుకునే వీలు లేని రోజున ఫోను చేస్తే వేడిగా వచ్చేది, పిల్లలు మారాం చేయకుండా తినేది ఇదే కాబట్టి ఆ అలవాటు స్థిరపడింది.

పక్క బల్ల మీద జంప్పోంగ్ ఎర్రగా పొగలు కక్కుతోంది. ఆ సముద్రపు చేపల పులుసు నూడుల్సు కొరియాలో కారం పోసుకున్నాకే అలా ఎర్రబడ్డాయి. మేము దాని జోలికి పోకుండా కాన్‌పుంగి తెప్పించుకున్నాం. కోడిమాంసాన్ని గంజిపిండిలో ముంచి రెండుసార్లు వేయించి, వెల్లుల్లి, ఎండుమిరపకాయలు, సోయా, వెనిగర్‌లతో పొడిగా దొర్లిస్తారు.

"బావగారూ, ఇది మన చికెన్ మంచూరియాకు పెద్దన్నయ్యలా ఉందే!" అన్నాడు మా బావమరిది, ఆ రోజు మొదటిసారిగా సంతోషంగా.

అన్నయ్య అనడం సరిపోదు గానీ, బంధుత్వం మాత్రం ఉంది. కలకత్తాకు హక్కా చైనీయులు వెళ్ళారు. ఆ నగరంలోని టాంగ్రా పేటలో తోళ్ల కార్ఖానాల పక్కనే హోటళ్లు వెలిశాయి. కలకత్తాలో పుట్టిన నెల్సన్ వాంగ్ 1975లో బొంబాయిలో చికెన్ మంచూరియాను తయారు చేశాడని చెబుతారు. అక్కడి నుంచి అది కాకినాడ సాయంకాలపు బండ్ల దాకా వచ్చింది. చైనాలో దొరకదు కాబట్టి మంచూరియా నకిలీ వంట అని ఎవరైనా అంటే నాకు నచ్చదు. జజాంగ్‌మ్యన్ గురించి కూడా నా అభిప్రాయం అదే. బీజింగ్ తరహా అసలు నూడుల్సు మెయిన్ స్ట్రీట్ దగ్గర దొరుకుతాయి. ఉప్పగా ఉండే గోధుమరంగు ముద్ద కొద్దిగా, దోసకాయ తురుము, మొలకలు పక్కన పెట్టి ఇస్తారు. అవి నాకు ఇష్టమే గానీ, అక్కడ తిని వచ్చిన మిత్రులు ఈ నల్లవాటిని చూసి పెదవి విరవడం నాకు అర్థం కాదు. వందేళ్లకు పైగా ఒక దేశంలో వండిన కూర ఆ దేశానిది కాకుండా ఎలా పోతుంది?

సాయంత్రం కాఫీ తాగి, పిల్లల్ని తీసుకుని ఇంటికి వెళ్ళాల్సిన మాట నిజమే. కానీ గుడి దగ్గర ఇంకా రద్దీగా ఉందని ఫోను రావడంతో మరో చోటికి తీసుకెళ్ళాను. అక్కడి వంటది సరిగ్గా ఎదురు దిశలో జరిగిన ప్రయాణం. 19వ శతాబ్దం రెండో సగంలో కరువుల వల్ల, ఆ తరువాత జపాన్ పాలన వల్ల కొరియా రైతులు ట్యూమెన్ నది దాటి చైనా ఈశాన్య ప్రాంతంలోకి వెళ్ళారు. వాళ్ల సంతతివారిని చోసన్‌జోక్ అంటారు. జిలిన్ రాష్ట్రంలో యాన్‌బియన్ అనే స్వయంపాలిత ప్రాంతం వాళ్ల పేరున 1952లో ఏర్పడింది. చైనా 2020 జనగణనలో వాళ్ల సంఖ్య సుమారు 17 లక్షలు. 1992లో చైనా, దక్షిణ కొరియాల మధ్య దౌత్య సంబంధాలు ఏర్పడ్డాక చాలామంది పనుల కోసం సియోల్‌కు వెళ్ళారు, కొందరు ఇక్కడికి వచ్చారు. మధ్యాహ్నం మాకు వండిపెట్టింది కొరియా నుంచి వచ్చిన చైనావాళ్లు. ఇప్పుడు వెళ్ళినది చైనా నుంచి వచ్చిన కొరియావాళ్ల దగ్గరకు.

తలుపు తీయగానే జీలకర్ర వాసన. మా బావమరిది గుమ్మంలోనే నిలబడిపోయాడు. చిన్న చిన్న గొర్రెమాంసం ముక్కలను ఇనుప చువ్వలకు గుచ్చి, బల్ల మధ్యలో ఉన్న బొగ్గుల కుంపటి మీద పెడితే అవి వాటంతటవే తిరుగుతూ కాలుతాయి. కాలాక జీలకర్ర, కారం, నువ్వులు కలిపిన పొడిలో అద్దుకుని తినాలి. పశ్చిమ చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు వీగర్ ముస్లింల ఈ వంటకం చైనా అంతటా పాకి, యాన్‌బియన్ చేరి, అక్కడి కొరియావాళ్ల చేతుల మీదుగా సియోల్‌కూ ఫ్లషింగ్‌కూ వచ్చింది. బల్ల మీద కిమ్చి ఉంది, గోడ మీది టీవీలో చైనా వార్తలు వస్తున్నాయి, యజమానురాలు వంటగదిలో తన తల్లితో కొరియా భాషలో వాదిస్తోంది. మధ్యాహ్నపు హోటల్లో తాంగ్‌సుయుక్ అని అమ్మే తీపి పులుపుల పంది మాంసానికి ఇక్కడ ఈశాన్య చైనా నగరమైన హార్బిన్ తరహా రూపం ఉంది. సాస్ పలచగా, వెనిగర్ ఘాటుగా ఉంటుందని గతంలో ఒక సహోద్యోగి చెప్పాడు. రెండు హోటళ్లలోనూ ఫ్రిజ్‌లో చింగ్‌తావ్ బీరే ఉంది, అదీ షాన్‌డాంగ్‌దే.

ఒక్క మాట మాత్రం రాసి పెట్టుకోవాలి. ఈ రెండో చోట ధరలు పెరిగాయి, చువ్వకు ముక్కలు తగ్గాయి. ఇద్దరు తినే లెక్కన వెళ్ళి నలుగురికి సరిపడా చెప్పడం తప్పనిసరి అవుతోంది. మధ్యాహ్నపు హోటల్లో మాత్రం ఇప్పటికీ వేయించిన డంప్లింగులు కొన్ని అడగకుండానే ఊరికే ఇస్తున్నారు.

ఇంటికి బయలుదేరే ముందు మళ్ళీ మధ్యాహ్నపు హోటలుకే వెళ్ళి, రొయ్యల గాన్‌జజాంగ్ ఒకటి పార్సెల్ కట్టించాను. కూర, నూడుల్సు వేరువేరు డబ్బాల్లో ఇచ్చారు. అయినా ఇంటికి చేరేసరికి నూడుల్సు గడ్డకట్టాయి. నా భార్య వాసన చూసి మూత పెట్టేసింది. కొరియా సీరియళ్లు చూసే మా అమ్మాయి మాత్రం గడ్డకట్టిన నూడుల్సును పక్కన పెట్టి, ఆ నల్ల కూరను కుక్కరులో మిగిలిన అన్నంలో కలిపి, పైన ఒక గుడ్డు వేయించి వేసుకుని తిన్నది. కొరియా హోటళ్లలో అలా అన్నంతో ఇచ్చేదాన్ని జజాంగ్‌బాప్ అంటారని, మేము వెళ్ళినచోట మెనూ రెండో పేజీలోనే ఉంటుందని, అసలు మొదట అదే చెప్పి ఉండాల్సిందని నాకే పాఠం చెప్పింది.