చివరిదాకా కూర్చుని మినిట్స్ చదివించుకున్నాం

పోయిన నెల మా ఊరి పక్కన కొత్త క్వారీ లీజుకి ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఏం జరిగిందో రాయమని ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు, నాకూ మర్చిపోకముందే రాసి పెట్టుకోవాలని ఉంది, కొంచెం పెద్దదే అయిద్ది, ఓపిగ్గా చదవండి.

మాది చీమకుర్తి దగ్గర పల్లె. ఒంగోలు నుంచి కర్నూలు రోడ్డులో ఓ 20 కిలోమీటర్లు వస్తే చీమకుర్తి. నల్లరాయి మీద బంగారు రజను చల్లినట్టు చుక్కలుంటాయే, బ్లాక్ గెలాక్సీ, ఆ రాయి పుట్టిల్లు ఇదే. ఆ చుక్క బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం, ఆ మెరుపు కోసమే విదేశాల వాళ్లు కూడా కొనుక్కుని వంటగట్లకి, సమాధులకి వేసుకుంటారు. మా ఊళ్లో సగం ఇళ్లల్లో ఎవరో ఒకరు క్వారీలోనో, గుండ్లాపల్లి పాలిషింగ్ ఫ్యాక్టరీల్లోనో, టిప్పర్ మీదో పనిచేసి ఇల్లు నడుపుతున్నారు. మా బాబాయి 15 ఏళ్లు క్వారీలో డ్రిల్లింగ్ చేశాడు. అందుకని మాది క్వారీలే వద్దనే ఊరు కాదు, ఆ మాట ముందే చెప్తన్నా.

మా బాధ అంతా చెరువు గురించి. కొత్త లీజు అడిగిన చోటుని ఆనుకునే మా చెరువుకి నీళ్లు తెచ్చే వాగు ఉంది. గెలాక్సీ తవ్వాలంటే ముందు పైనున్న మట్టి, పనికిరాని రాయి అంతా తియ్యాలి, తీసిన రాయిలో కూడా పగులు లేకుండా చుక్క బాగుండి సైజు బ్లాకుగా లారీ ఎక్కేది కొంతే, మిగతాదంతా డంప్ కింద గుట్ట పోస్తారు. చీమకుర్తి వైపు ఎప్పుడన్నా వస్తే రోడ్డు మీంచి చూడండి, అక్కడ కనపడేవన్నీ పుట్టుకొండలు కావు, చాలామటుకు పోసిన కొండలు. అలాంటి కొండ ఒకటి మా వాగుకి అడ్డం పడితే చెరువు నిండేది ఎట్లా? దానికి తోడు దుమ్ము. మా అమ్మ రెండెకరాల్లో పొగాకు వేస్తది, ఆకు జిగటగా ఉంటది కదా, టిప్పర్ల దుమ్ము దాని మీద పడిందంటే ఇక వదలదు, క్యూరింగ్ చేసి గ్రేడ్ కట్టి వేలానికి తీసకపోయినాక ఎవరూ పాడకుండా నో బిడ్ అని పక్కన పడేస్తే ఆ బేలు మళ్లీ ఇంటికి మోసుకురావాల్సిందే.

లీజు 5 హెక్టార్లు దాటింది కాబట్టి సేకరణ పెట్టాల్సి వచ్చింది. 2006 సెప్టెంబర్ 14న కేంద్రం ఇచ్చిన పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కనీసం 30 రోజుల ముందు పేపర్లో నోటీసు ఇవ్వాలి, క్వారీ వల్ల చుట్టుపక్కల ఏమయిద్దో కంపెనీ రాయించిన రిపోర్టు సారాంశం తెలుగులో పంచాయితీ ఆఫీసులో చూడ్డానికి పెట్టాలి. పెట్టారు, కాదనను. నేను వెళ్లి రెండు పూటలు కూర్చుని చదివా. అందులో దగ్గర్లో చెప్పుకోదగ్గ నీటి వనరులేమీ లేవని రాసుంది. మా చెరువు పేరు యాడా లేదు, వాగు లేదు. నాకు చేతులు వణికినాయి నిజంగా, ఎందుకంటే నేను ఈత నేర్చుకుంది ఆ చెరువులోనే.

ఆ కాగితాల్లోనే ఇంకోటి కనపడింది. మా పంచాయితీ క్వారీకి అభ్యంతరం లేదని అంతకుముందు ఏడాదే తీర్మానం చేసి ఇచ్చిందంట. ఊళ్లో ఎవర్ని అడిగినా మాకు తెలీదన్నారు. సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద తీర్మానం కాపీ అడిగా. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో ఆర్టీఐ దరఖాస్తుకి ఫీజు లేదు, తెల్లకాగితం మీద రాసిచ్చి రసీదు తీసుకుంటే చాలు, ఇది చాలామందికి తెలీదు. కాపీ వచ్చింది. ఒకటే లైను, అభ్యంతరం లేదు అని, కింద సంతకాలు. అందులో ఒకటి మా వీధి వార్డు మెంబరుది, నాకు అత్తయ్య వరస అయిద్ది.

"ఏంది అత్తయ్యా, చదివే పెట్టావా?" అంటే, "నాకు చదివి చెప్పిందెవరయ్యా, బోరు మోటారు కాలిపోయి నాలుగు రోజులైంది, క్వారీ వాళ్లు వచ్చి బాగు చేయించారు, పెట్టమంటే పెట్టా" అంది.

ఆమె మీద నాకు కోపం రాలేదు. ఇక్కడే అసలు సంగతి ఉంది. మా పంచాయితీలో డబ్బుల్లేవు, మోటారు కాలినా, వేసవిలో ట్యాంకరు కావాలన్నా, తిరనాళ్లకి లైట్లు కావాలన్నా ఎవర్నో ఒకర్ని అడగాల్సిందే, అడిగితే ఇచ్చేది క్వారీల వాళ్లే, అట్లా పదిసార్లు తీసుకున్నాక పదకొండోసారి వాళ్లు కాగితం పట్టుకొస్తే వద్దనడానికి నోరు ఎట్లా వస్తది? కానీ మనం సాయం అనుకునేదాంట్లో చాలామటుకు మనకి హక్కుగా రావాల్సిందే. 2015లో ఖనిజాల చట్టం మార్చినప్పుడు ప్రతి జిల్లాలో మినరల్ ఫౌండేషన్ పెట్టమన్నారు, తవ్వేవాళ్లు సీనరేజికి (తవ్విన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) తోడు దానికీ కట్టాలి. ఆ ఏడాది గైడ్‌లైన్స్‌లోనే అందులో కనీసం 60 శాతం తాగునీళ్లు, వైద్యం, చదువు, పర్యావరణం లాంటి వాటికి, తవ్వకాల వల్ల దెబ్బతిన్న ఊళ్ల కోసం ఖర్చు పెట్టాలని రాశారు. మోటారు బాగుచేయించండని ఆ ఫండ్ నుంచి అడగాల్సినోళ్లం, క్వారీ ఆఫీసు ముందు నిలబడి అడుక్కుంటన్నాం.

సేకరణ రోజు షామియానా, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు, పోలీసులు. ముందు వరసలన్నీ పక్క ఊళ్ల నుంచి ఆటోల్లో వచ్చినోళ్లతో నిండిపోయినాయి, ఒకరి తర్వాత ఒకరు మైకు తీసుకుని క్వారీ రావాలి, ఉద్యోగాలు రావాలి అన్నారు. వాళ్లని తప్పు పట్టను, పని కావాలనే మాటలో అబద్ధం లేదు. గొర్రెలు కాసే పెద్దాయన ఒకాయన లేచి, "ఆ గుట్ట కింద నీళ్లు తాగించి మా నాయన, నేను, నా కొడుకు గొర్రెల్ని మేపాం, రేపటినుంచి యాడికి తోలమంటారు?" అని అడిగి కూర్చున్నాడు. అంతే. ఎవరూ జవాబు చెప్పలేదు.

తర్వాత మా బాబాయి. ఆయనకి మాట్లాడితే ఆయాసం వస్తది, అయినా నిలబడ్డాడు. "డ్రిల్లింగ్ తడిగా చేస్తారా పొడిగానా?" అన్నాడు. కన్సల్టెంట్ అబ్బాయి తడిగానే సార్, దుమ్ము లేవదు అన్నాడు. "ఆ నీళ్లు యాడ్నించి తెస్తారు?" క్వారీ గుంటలో ఊరిన నీళ్లే వాడతాం అని జవాబు. "గుంటలో ఊరేది మా బోర్ల నీళ్లే కదయ్యా" అన్నాడు బాబాయి. మొత్తం షామియానా గమ్మునైపోయింది. రాతి దుమ్ములో సిలికా ఊపిరితిత్తుల్లోకి పోతే సిలికోసిస్ వచ్చుద్ది, వచ్చాక నయం చేసే మందు లేదు, కాబట్టి దుమ్ము లేవకుండా నీళ్లు కావాల్సిందే, ఆ నీళ్లు తోడితే బోర్లు ఎండుతాయి. పనిచేసేవాడి ఊపిరికి, ఊరి గొంతుకి మధ్య పోటీ పెట్టకుండా నీళ్లు యాడ్నించి తెస్తారో వాళ్లు కాగితం మీద చూపించాలి. నేను అడిగింది కూడా అదే, చెరువు పేరు, వాగు పేరు, సర్వే నంబర్లు రాసి రెండు కాపీలు తీసకపోయి, ఒకటి ఇచ్చి రెండోదాని మీద సంతకం చేయించుకున్నా.

మధ్యాహ్నం పులిహోర ప్యాకెట్లు ఇచ్చాక సగం మంది వెళ్లిపోయారు. మేం ఓ ముప్పై మందిమి కదల్లేదు. ఎందుకంటే ఆ నోటిఫికేషన్‌లోనే ఉంది, జనం చెప్పినవన్నీ మినిట్స్‌గా రాసి చివర్లో అందరికీ తెలుగులో చదివి వినిపించాలి, ఆ రోజే సంతకం చెయ్యాలి. చదవండి సార్ అని అడిగాం. పెద్దాఫీసరు గారు సరేనని చదివించారు. ఉద్యోగాల గురించి పేజీన్నర. చెరువు గురించి "కొందరు నీటి విషయమై సందేహాలు వ్యక్తం చేశారు" అని ఒక ముక్క.

"సందేహం కాదు సార్, చెరువు ఉంది, రిపోర్టులో లేదు, అది రాయండి" అన్నాం. కాసేపు గొడవైంది, బాబాయి గొంతు పోయింది, పెద్దాయన కర్ర పట్టుకుని వేదిక దాకా వెళ్లాడు. చివరికి రాశారు. చెరువు పేరుతో, వాగు పేరుతో, గుంట నీళ్ల మాటతో సహా రాసి మళ్లీ చదివి సంతకం చేశారు. అప్పటికి చీకటి పడింది.

ఇప్పుడా కాగితాలు రాష్ట్ర స్థాయి కమిటీకి వెళ్తాయి. అనుమతి వస్తే దాని కాపీ పంచాయితీకి ఇవ్వాలి, పంచాయితీ దాన్ని 30 రోజులు బోర్డు మీద పెట్టాలి. షరతులు పాటిస్తన్నారో లేదో కంపెనీ జూన్ 1కి, డిసెంబర్ 1కి రిపోర్టు ఇవ్వాలి. అనుమతి మీద అభ్యంతరం ఉంటే చెన్నైలోని గ్రీన్ ట్రిబ్యునల్ బెంచికి 30 రోజుల్లో అప్పీలుకి పోవచ్చు. ఇవన్నీ మా అత్తయ్యకి కూర్చోబెట్టి చెప్పా, ఆమె తేదీలు క్యాలెండర్ మీద రాసుకుంది.

ఎల్లుండి గ్రామసభ. పాత తీర్మానం మీద మళ్లీ చర్చ పెట్టమని అర్జీ ఇచ్చింది మా అత్తయ్యే. వాగు పోయే దారి చూపించడానికి రెవెన్యూ వాళ్ల దగ్గర ఎఫ్ఎంబీ స్కెచ్ (పొలాల హద్దులు గీసిన సర్వే పటం) తెచ్చా, బాబాయి మంచం మీద కూర్చుని దాని మీద వాగుని నీలం పెన్నుతో దిద్దుతున్నాడు. చీమకుర్తి, బల్లికురవ వైపు ఎవరి ఊళ్లోనన్నా ఇట్లా మినిట్స్ మార్పించి ఉంటే ఆ కాపీ ఫొటో తీసి నాకు పంపండి, సభలో చూపిస్తా.